కూల్చిన ఇంటి లోపలి ఖాళీ

ప్రశ్న: రోడ్డు విస్తరణలో మా తాతగారి ఇల్లు పోయింది. పోయే ఇంటిని శిల్పంగా మలిచినవారు ఉన్నారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉన్నారమ్మా, బ్రిటిష్ శిల్పి రేచల్ వైట్‌రీడ్. 1993లో తూర్పు లండన్ గ్రోవ్ రోడ్డులో, కూల్చివేతకు సిద్ధమైన ఇంటి లోపల కాంక్రీటు పట్టించి, గట్టిపడ్డాక గోడలు తీయించేశారు. నిలబడింది గదుల్లోని ఖాళీయే! గోడలోకి ఉండాల్సిన చలిమంట గూళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. ఆ ఫోటో చూసినప్పుడల్లా మా వంటింటి గూడు, అందులో అమ్మ పెట్టిన దీపపు మసి కళ్లముందుకొస్తాయి.

ఆ నవంబరులో ఆమెకు బ్రిటన్‌లో కళాకారులకిచ్చే పేరున్న టర్నర్ బహుమతి వచ్చింది. అయినా 1994 జనవరి 11న శిల్పాన్ని కూల్చేశారు. నాకిప్పటికీ బాధే. మీ తాతగారింటి గొళ్లెం మిగిలి ఉంటే, తడిమట్టిలో అచ్చు తీసి దాచుకోండి.