సెకండ్ హ్యాండ్ ట్రక్ క్యాంపర్ కొనేటప్పుడు ముందు బరువు, తర్వాత తడి. ఏ ఏడాది మోడల్ అన్నది చివర్న

మీ ప్రశ్న ఇదీ కదా: సియాటెల్ దగ్గర ఉంటారు. ఎఫ్-150 పికప్ ట్రక్కు బెడ్‌లో, అంటే వెనక సామాను వేసే తొట్టిలో, పెట్టుకునే గదిలాంటి క్యాంపర్ మీది; పైకప్పు పైకి లేచే ఆ పాత పాప్-అప్ గోడలు మెత్తబడుతున్నాయి. పిల్లలిద్దరూ ఎదిగారు కాబట్టి ఈసారి టాయిలెట్ ఉన్నది, కాస్త పెద్దది సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవాలనుకుంటున్నారు. ఏ సంవత్సరం తర్వాతి మోడల్ అయితే మంచిది అని అడిగారు. మేమూ వాషింగ్టన్‌లోనే ఉంటాం, పాతది తీసేసి ఇంకొకటి కొన్నాం కాబట్టి చెప్తున్నాను. సంవత్సరం సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు మీ ట్రక్కు డ్రైవర్ తలుపు తెరవండి.

తలుపు ఫ్రేమ్ మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని దాని మీద రాసి ఉంటుంది. మీ ట్రక్కు పేలోడ్ అదే. ఒకే ఎఫ్-150లో కూడా ట్రిమ్‌ని (మోడల్‌లో రకాన్ని) బట్టి, ఇంజన్‌ని బట్టి ఈ అంకె మారుతుంది, అందుకే ఇంటర్నెట్‌లో చూసినదాన్ని నమ్మొద్దు. మీది 1,700 అనుకుందాం. నలుగురి బరువు 550 తీసేస్తే మిగిలేది 1,150. ఎఫ్-150 లాంటి హాఫ్-టన్ ట్రక్కుల కోసమని చేసిన లాన్స్ 650 లాంటి చిన్న క్యాంపరే ఖాళీగా 1,700 పౌండ్ల దాకా ఉంటుంది. పైగా ఆ బరువులో నీళ్లు లేవు, సామాను లేదు. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు, అంటే 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే 250 పౌండ్లు అదనం. అంటే టాయిలెట్, నలుగురు మనుషులు, ఎఫ్-150 ఈ మూడూ ఒకచోట కుదరడం చాలా కష్టం. మేం చివరికి ఇంకా ఎక్కువ బరువు మోసే వన్-టన్ ట్రక్కుకి మారాం. మీరు అడగని ఖర్చే ఇది, కానీ బడ్జెట్‌లో ఇప్పుడే వేసుకోండి. ట్రక్కు మార్చే ఉద్దేశం లేకపోతే మళ్లీ పాప్-అప్పే చూడండి, పోర్టబుల్ టాయిలెట్‌తో సర్దుకోవచ్చు.

పాతది అమ్మేలోపు ఒక పని చేయండి. ట్రిప్‌కి వెళ్లేటప్పటిలాగే అన్నీ సర్ది, నీళ్లు నింపి, హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ (బండ్లు తూచే కాటా) మీద తూయించండి. తర్వాత క్యాంపర్ దించేసి, అదే మనుషులతో ట్రక్కుని మళ్లీ తూయించండి. ఆ తేడా మీ క్యాంపర్ అసలు బరువు. అందులోంచి కంపెనీవాళ్లు చెప్పిన ఖాళీ బరువు తీసేస్తే, మీ ఇంటివాళ్లు నిజంగా మోసుకెళ్లే సామాను, నీళ్లు కలిపి ఎంతో తేలుతుంది. మాకు 700 పౌండ్ల పైనే తేలింది. నేను ఇడ్లీ పాత్రల వైపు చూశాను, మా ఆవిడ నా టూల్ బాక్స్ వైపు చూసింది. కొత్తగా కొనేది ఏదైనా దాని ఖాళీ బరువుకి ఈ అంకె కలుపుకుని లెక్క వేయండి.

ఇక తడి గురించి. ట్రక్ క్యాంపర్‌ని చంపేది మైళ్లు కాదు, వాన నీళ్లు. అందుకే పదేళ్లది పుచ్చిపోయి ఉండొచ్చు, పాతికేళ్లది గట్టిగా ఉండొచ్చు. మన దగ్గర అక్టోబర్, నవంబర్ నెలల్లో కొనడం మేలు. సీజన్ అయిపోతుంది కాబట్టి బేరానికి వీలుంటుంది, పైగా వానలు మొదలవుతాయి. గట్టిగా వాన పడిన మర్నాడే చూడటానికి వెళ్లండి. క్యాబ్ పైన ఉండే మంచం పరుపు ఎత్తి, కింది ప్లైవుడ్, ముందు వైపు రెండు మూలలు బొటనవేలితో నొక్కండి. ముందున్న చిన్న మార్కర్ లైట్ల స్క్రూల దగ్గర నుంచే చాలాసార్లు నీళ్లు దిగుతాయి. కప్‌బోర్డుల లోపలి మూలలు, రూఫ్ వెంట్ చుట్టూ, కిటికీల కింద కూడా నొక్కి చూడండి. క్యాంపర్‌ని ఎత్తి దించే జాక్‌లు బిగించిన నాలుగు మూలలు మరీ ముఖ్యం. అక్కడ చెక్క పుచ్చితే మొత్తం బరువు మోసే చోటే పోయినట్టు. అందుకే నాలుగు జాక్‌లూ పూర్తిగా ఎత్తించి, దింపించి చూడండి. ఫైబర్‌గ్లాస్ గోడ అయితే ఎండలో ఏటవాలుగా చూస్తే ఉబ్బులు కనిపిస్తాయి, అంటే లోపల పొర విడిపోయిందన్నమాట. తేమ కొలిచే చిన్న మీటర్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, అది వెంట ఉంచుకోండి. లోపల రూమ్ ఫ్రెషనర్ ఘుమఘుమలాడుతుంటే, లేదా ఒక మూల మాత్రమే కొత్త ప్యానెల్ ఉంటే, ఎందుకో అడగండి. మేం చూసినవాటిలో ఒకాయన "చిన్న లీకు, ఎప్పుడో బాగుచేశాం" అన్నాడు. పరుపు ఎత్తితే వేలు దిగిపోయింది. దండం పెట్టి వచ్చేశాం.

డబ్బు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదంటే నార్తర్న్ లైట్, బిగ్‌ఫుట్ కంపెనీల క్యాంపర్లు చూడండి. రెండూ బ్రిటిష్ కొలంబియాలో తయారవుతాయి, ఫైబర్‌గ్లాస్‌ని రెండు ముక్కలుగా పోతపోసి కలుపుతారు. అతుకులు తక్కువ కాబట్టి నీళ్లు దిగే దారులూ తక్కువ. అందుకే పాతవాటికీ ధర దిగదు. స్లైడ్-అవుట్ (ఆగినప్పుడు బయటికి జరిపే గోడ భాగం) ఉన్నవి చూడటానికి విశాలంగా ఉంటాయి గానీ బరువు పెరుగుతుంది, లీకయ్యే చోటు ఇంకొకటి పెరుగుతుంది. నేనైతే వద్దంటాను.

గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందు రాత్రే ఆన్ చేసి ఉంచమని అమ్మేవాళ్లకి చెప్పండి. ఫ్రిజ్ వెనక పసుపు మరకలు గానీ, అమ్మోనియా వాసన గానీ ఉంటే దాని పని అయిపోయినట్టే. హీటర్, నీళ్ల పంపు మీ ముందే వేయించండి. స్టవ్ పైన వెంట్ ఫ్యాన్ కూడా చూడండి, మన పోపు పొగకి స్మోక్ అలారం ఊరుకోదు.

ట్రక్కు బెడ్ పొడవు సరిపోతుందా, క్యాంపర్ పక్కన ఉండే సెంటర్ ఆఫ్ గ్రావిటీ (బరువు కేంద్రం) గుర్తు మీ ట్రక్కు వెనక యాక్సిల్‌కి ముందే పడుతుందా కొలుచుకోండి. కొత్త ట్రక్కుల క్యాబ్ ఎత్తు ఎక్కువ, పాత క్యాంపర్ ముందు భాగం దానికి తగలొచ్చు. వాషింగ్టన్‌లో క్యాంపర్‌కి విడిగా టైటిల్ (యజమాని ఎవరో తెలిపే పత్రం) ఉంటుంది. అందులో పేరు అమ్మే మనిషిదేనా, సీరియల్ నంబర్ కలుస్తోందా చూశాకే డబ్బివ్వండి. వాళ్ల ట్రక్కు, మీరు తీసుకునే ట్రక్కు ఒకే మోడల్ అయితే క్యాంపర్‌ని ట్రక్కుకి బిగించే టై-డౌన్లు కూడా బేరంలో అడగండి, విడిగా కొంటే వందల డాలర్లు అవుతాయి.

మీ స్టిక్కర్ మీద అంకె, బెడ్ పొడవు ఎంతో రాయండి. ఎంత బరువు దాకా చూడొచ్చో లెక్క వేసి చెప్తాను.