శబ్దం సందేహాలు: ఆరు చానెళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ప్రశ్న: నేను 18 నిమిషాల లఘుచిత్రం తీశాను. ఎడిటింగ్ డావిన్చీ రిజాల్వ్‌లో స్వయంగా చేసుకుని, మిక్సింగ్ మాత్రం హైదరాబాదులోని ఒక స్టూడియోలో చేయించాను. వారు ఆరు చానెళ్లున్న ఒకే వేవ్ ఫైలు ఇచ్చారు. దాన్ని టైమ్‌లైన్ మీద వేసి 5.1గా ఎక్స్‌పోర్ట్ చేసి, మిత్రుడి ఇంట్లో హోమ్ థియేటర్‌లో వేస్తే మాటలన్నీ కుడివైపు స్పీకరులోంచే వచ్చాయి. ఉరుము ఉరిమినప్పుడు సబ్‌ఊఫర్ మౌనంగా ఉంది కానీ వెనక కుడిమూలనున్న చిన్న స్పీకరు బరబరలాడింది. హెడ్‌ఫోన్‌లో విన్నా మాటలు కుడి చెవిలోనే వినిపిస్తున్నాయి. స్టూడియోవారిని అడిగితే తమ దగ్గర సరిగ్గానే ఉందంటున్నారు. తప్పు ఎక్కడ జరిగింది?
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: స్టూడియోవారు చెప్పింది నిజమే, మీకు వినిపించిందీ నిజమే. ఆ ఆరు చానెళ్లను వారు ఒక వరుసలో పేర్చారు, మీ సాఫ్ట్‌వేర్ మరో వరుసలో చదివింది. ఉరుము ఏ స్పీకరులో పలికిందో కూడా మీరు గమనించి రాశారు కాబట్టి ఫైలు వినకుండానే కారణం చెప్పగలుగుతున్నాను.

ఒక్కొక్క స్పీకరుకు విడిగా వెళ్లే శబ్దాన్ని చానెల్ అంటారు. 5.1లో ఎడమ, కుడి, మధ్య, వెనక ఎడమ, వెనక కుడి అనే ఐదు పూర్తి చానెళ్లూ, లోతైన శబ్దాలకు ఎల్ఎఫ్ఈ అనే ఆరో చానెలూ ఉంటాయి. వాటిని ఫైలులో ఏ వరుసలో రాయాలనే విషయంలో కనీసం రెండు సంప్రదాయాలు వాడుకలో ఉన్నాయి. టీవీ, వీడియో రంగాల్లోనూ, మామూలు వేవ్ ఫైళ్లలోనూ ఎడమ, కుడి, మధ్య, ఎల్ఎఫ్ఈ, వెనక ఎడమ, వెనక కుడి అన్నది వరుస. సినిమా మిక్సింగ్ గదుల్లో మాత్రం తెర వెనకనున్న స్పీకర్లను ఎడమ నుంచి కుడికి చూసినట్టుగా ఎడమ, మధ్య, కుడి అని మొదలుపెట్టి, ఆపైన వెనక ఎడమ, వెనక కుడి, చివర ఎల్ఎఫ్ఈ అని పేర్చడం పాత అలవాటు. స్టూడియోల్లో వాడే ప్రో టూల్స్ అనే మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తన లోపల ఈ వరుసనే పాటిస్తుంది.

ఇప్పుడు సినిమా వరుసలో ఉన్న ఫైలును వీడియో వరుసలో చదివితే ఏమవుతుందో చూడండి. రెండో చానెల్‌లో ఉన్నది మధ్య స్పీకరుకు వెళ్లవలసిన శబ్దం, అంటే దాదాపు మాటలన్నీ. అది కుడి స్పీకరుకు పోయింది. మూడో చానెల్‌లోని కుడివైపు సంగీతం మధ్యకు వచ్చింది. నాలుగోదైన వెనక ఎడమ శబ్దం సబ్‌ఊఫర్‌కు చేరింది కానీ అది లోతైన శబ్దాలను తప్ప మరేదీ పలకదు కాబట్టి అక్కడే మాయమైంది. ఆరో చానెల్‌లోని మీ ఉరుము వెనక కుడిమూలకు పోయి, ఆ భారం మోయలేని చిన్న స్పీకరును బరబరలాడించింది. మాటలు కుడివైపునా, ఉరుము వెనక కుడిమూలనా రావడం ఈ ఒక్క పొరపాటుకే సరిపోయే జంట లక్షణం.

సరిచేయడానికి మళ్లీ మిక్సింగ్ చేయించనక్కరలేదు. మీడియా పూల్‌లో ఆ వేవ్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి క్లిప్ ఆట్రిబ్యూట్స్ తెరిచి, ఆడియో విభాగంలో ఫార్మాట్‌ను 5.1గా ఉంచి, ఒక్కొక్క స్థానానికి ఏ సోర్స్ చానెల్ రావాలో చేత్తో ఎంచుకోండి. ఎడమకు 1, కుడికి 3, మధ్యకు 2, ఎల్ఎఫ్ఈకి 6, వెనక ఎడమకు 4, వెనక కుడికి 5 ఇవ్వాలి. టైమ్‌లైన్ మీద పాత క్లిప్ ఉంటే తీసేసి, ఈ మార్పు చేశాక మళ్లీ వేసుకోవడం మేలు. ఆ తరువాత శబ్దం పనికి ఉన్న ఫెయిర్‌లైట్ పేజీలో ట్రాకూ, ట్రాకులన్నీ కలిసి బయటికి వెళ్లే మెయిన్ బస్సూ రెండూ 5.1గా ఉన్నాయో లేదో చూసుకోండి. ట్రాకు 5.1గా ఉండి బస్సు స్టీరియోగా మిగిలిపోతే ఆరు చానెళ్లూ రెండుగా కలిసిపోతాయి. ఎక్స్‌పోర్ట్ చేసినవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అదే పేజీలో 5.1 పక్కనే 5.1 ఫిల్మ్ అనే మరో రకమూ కనిపిస్తుంది. పైన చెప్పిన రెండు వరుసల కోసమే ఆ రెండు పేర్లున్నాయి. ఎక్స్‌పోర్ట్ చేసే డెలివర్ పేజీలో క్విక్‌టైమ్, శబ్దాన్ని కుదించని లీనియర్ పీసీఎం, 24 బిట్ ఎంచుకుని, అవుట్‌పుట్ ట్రాకుగా ఆ 5.1 బస్సును చూపిస్తే సరిపోతుంది.

అసలు ఫైలు ముట్టుకోకముందే ఒక చిన్న పరీక్ష చేసుకోవలసిందని నా సలహా. మీ గొంతుతోనే “ఎడమ”, “కుడి”, “మధ్య”, “వెనక ఎడమ”, “వెనక కుడి” అని ఒక్కొక్క చానెల్‌లో ఒక్కొక్క మాట రికార్డు చేసి, అర నిమిషం ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, ఏ పేరు ఏ స్పీకరులోంచి వస్తోందో వినండి. ఎల్ఎఫ్ఈలో మాట వేయకండి, గుమ్మనే మోత తప్ప ఏమీ అర్థం కాదు. అక్కడ 40 హెర్ట్జ్ టోన్ చాలు. స్పీకర్లు అందుబాటులో లేనివారు మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే ఎన్ని చానెళ్లున్నాయో, ఏ వరుస అని రాసి ఉందో కనిపిస్తుంది. అయితే అది ఫైలు మీది చీటీని మాత్రమే చదువుతుంది. చీటీలో రాసిన చోట నిజంగా మాటలే ఉన్నాయా, ఉరుము ఉందా అన్నది చెవితో తేల్చుకోవలసిందే.

అడగకపోయినా మరొక మాట చెబుతాను. స్టూడియోవారిని ఒక స్టీరియో మిక్సు కూడా ఇమ్మని అడగండి. 5.1 ఫైలును రెండు స్పీకర్ల మీద వినేటప్పుడు ప్లేయరే దాన్ని స్టీరియోగా కుదిస్తుంది. సాధారణంగా మధ్య చానెల్‌నూ, వెనక చానెళ్లనూ 3 డెసిబెళ్లు తగ్గించి ముందు రెండింటిలో కలుపుతుంది, ఎల్ఎఫ్ఈని చాలాసార్లు వదిలేస్తుంది. మీ ఉరుము కేవలం ఎల్ఎఫ్ఈలోనే ఉంటే ఫోనులో చూసేవారికి మెరుపు మాత్రమే మిగులుతుంది. యూట్యూబ్‌కు పంపేటప్పుడు శబ్దాన్ని కుదించే ఏఏసీ రకాన్ని స్టీరియోకు సెకనుకు 384, 5.1కు 512 కిలోబిట్లతో వాడమని వారే సూచిస్తున్నారు.

ప్రశ్న: చేనేత మీద తీసిన డాక్యుమెంటరీకి తెలుగు, ఇంగ్లీషు వ్యాఖ్యానాలు రెండూ రికార్డు చేశాను. రెండు భాషలూ ఒకే ఫైలులో ఉండి, చూసేవారు కావలసినది ఎంచుకోవాలని నా కోరిక. ప్రీమియర్ ప్రోలో రెండు ట్రాకుల్లో వేసి ఎంపీ4గా ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండు వ్యాఖ్యానాలూ ఒకదాని మీద ఒకటి వినిపిస్తున్నాయి.
ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: టైమ్‌లైన్ మీది ట్రాకు వేరు, ఫైలులోని ట్రాకు వేరు. మీరు ఎన్ని ట్రాకులు పరిచినా అవన్నీ చివరికి ఒకే మిక్సులో పడి, ఒకే స్టీరియో జతగా బయటికి వస్తాయి. ప్రీమియర్‌లో హెచ్.264 ఎంపీ4 ఎంచుకుంటే శబ్దానికి దొరికేది ఒక్క ట్రాకే కాబట్టి మీ కోరిక ఆ దారిన తీరదు.

కొత్త సీక్వెన్స్ (ప్రీమియర్‌లో టైమ్‌లైన్ పేరు) తయారుచేసేటప్పుడే ట్రాక్స్ విభాగంలో మిక్సు రకాన్ని మల్టీచానెల్‌గా, చానెళ్ల సంఖ్యను 4గా పెట్టండి. ఈ నిర్ణయం ముందే జరగాలి, ఎందుకంటే పాత సీక్వెన్స్ మిక్సు రకాన్ని తరువాత మార్చుకునే వీలు ఉండదు. కొత్తది తెరిచి క్లిప్పులన్నీ అందులోకి కాపీ చేసుకోవడమే మార్గం. ఆపైన ఆడియో ట్రాక్ మిక్సర్‌లో తెలుగు వ్యాఖ్యానాన్ని 1, 2 చానెళ్లకూ, ఇంగ్లీషును 3, 4 చానెళ్లకూ పంపండి. ఇక్కడే చాలామంది ఒక సంగతి మరిచిపోతారు: మగ్గం చప్పుడూ, నేపథ్య సంగీతమూ రెండు భాషలకూ కావాలి. వాటి ట్రాకులకు నకళ్లు తీసి ఒక్కొక్క జతకు ఒక్కొక్కటి పంపండి, లేకుంటే ఇంగ్లీషులో చూసేవారికి మగ్గం మూగదవుతుంది. డబ్బింగ్ కోసం మాటలు లేకుండా సంగీతం, ఎఫెక్టులు మాత్రమే విడిగా ఎం అండ్ ఈ అని దాచుకునే సినిమావారి పద్ధతి వెనకనున్న అవసరం కూడా ఇదే. రేపు హిందీ వ్యాఖ్యానం కావలసివస్తే మీకూ పనికొస్తుంది కనుక అదీ ఒక ఫైలుగా తీసి దాచండి.

ఎక్స్‌పోర్టుకు క్విక్‌టైమ్ ఎంచుకుని, ఆడియో విభాగంలో రెండు స్టీరియో జతలుగా అమర్చండి. వచ్చిన ఫైలు పెద్దదిగా ఉంటుంది కాబట్టి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో చిన్నది చేసుకోవచ్చు, కానీ అది తనంతట తానుగా మొదటి ట్రాకునే తీసుకోవడం మామూలు. రెండోదాన్ని మీరే చేర్చాలి. ఎంపీ4కు బదులు ఎంకేవీ అనే రకం ఫైలుగా తీసుకుంటే ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ట్రాకుకు భాష పేరు కూడా రాసుకోవచ్చు. వీఎల్‌సీ ప్లేయరులో ఆడియో మెనూ తెరిస్తే రెండు పేర్లూ కనిపిస్తాయి. వెబ్ బ్రౌజర్లలో మాత్రం చాలావరకు మొదటి ట్రాకే పలుకుతుంది, అందుకే మీకు ముఖ్యమైన భాషను ముందుంచండి.

ప్రశ్న: మా ఊళ్లో పౌరాణిక నాటకాన్ని ఆరు మైకులతో రికార్డు చేశాము. నిడివి రెండుంబావు గంటలు. ఆరు చానెళ్లనూ ఒకే వేవ్ ఫైలుగా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీస్తే 83వ నిమిషంలో, సరిగ్గా రాయబారం పద్యాల మధ్యలో ఆగిపోతోంది. డిస్కులో చోటు బోలెడంత ఉంది.
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చోటు మీ డిస్కులో ఉంది కానీ వేవ్ ఫైలులో లేదు. ఆ ఫైలు తన పరిమాణాన్ని 32 బిట్ల అంకెగా రాసుకుంటుంది, అందువల్ల 4 జీబీ దాటి చెప్పుకోలేదు. మీ లెక్కన సెకనుకు 8,64,000 బైట్లు ఖర్చవుతున్నాయి, ఆ 4 జీబీ 82 నిమిషాల 51 సెకన్లకు నిండిపోతుంది. ఒక్కొక్క మైకును విడిగా మోనో ఫైలుగా తీయండి, ఒక్కొక్కటి 1.2 జీబీ లోపే ఉంటుంది. మిక్సింగ్ చేసేవారికి కూడా అలా ఇవ్వడమే సౌకర్యం, ఫైలు పేరులోనే హార్మోనియం, కృష్ణుడి మైకు, తబలా అని రాసివ్వవచ్చు. ఒకే ఫైలుగానే కావాలంటే ఆర్ఎఫ్64 రకం ఎంచుకోండి. అది పెద్ద ఫైళ్ల కోసమే రూపొందింది, అయితే అన్ని సాఫ్ట్‌వేర్లూ దాన్ని తెరవలేవు కాబట్టి పుచ్చుకునేవారిని ముందుగా అడగండి. ఆరూ ఒకే క్షణంలో మొదలయ్యేలా, మధ్యలో ఏ మైకు మౌనంగా ఉన్నా దాని మొదలూ చివరా కత్తిరించకుండా పంపండి.