బాలల సంరక్షణ గృహానికి వచ్చే కళాశాల ఇంటర్న్‌లను ఎలా పర్యవేక్షించాలి?

మానవ అభివృద్ధి, కుటుంబ అధ్యయనాలు చదివే విద్యార్థులను బాలల సంరక్షణ గృహంలో ఇంటర్న్‌లుగా చేర్చుకునేటప్పుడు, వారికి ఏ పని అప్పగించకూడదో ముందుగా రాసి పెట్టుకోవడం అవసరం. ఆటలు, కథలు, చదువులో సాయం, ఎదుగుదలను గమనించి నమోదు చేయడం వారు చేయదగినవే. కౌన్సెలింగ్ మాత్రం అర్హత గల సిబ్బంది సమక్షంలో చూసి నేర్చుకోవలసినదే తప్ప ఒంటరిగా నిర్వహించవలసినది కాదు.

చట్టపరమైన విషయాలను మొదటి రోజే వివరించాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపును మాధ్యమాల్లో వెల్లడించడాన్ని నిషేధిస్తుంది కాబట్టి, విద్యార్థి తన కళాశాల రికార్డును సైతం పేరు, ఊరు, బడి, ఫోటో లేకుండా రాయడం క్షేమం. సెల్ఫీలు అసలే కూడదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న ఆందోళన కలిగినా పోలీసులకు తెలపవలసిన బాధ్యతను 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రతి వ్యక్తిపైనా ఉంచింది. ఇంటర్న్‌కు మినహాయింపు లేదు.

ప్రతి వారం ఇంటర్న్‌తో కూర్చుని మాట్లాడే బాధ్యత ఒక్క పర్యవేక్షకురాలికే ఉండాలి. (సిబ్బంది కొరతను ఇంటర్న్‌లతో పూడ్చుకోవడం పర్యవేక్షణ అనిపించుకోదు.) ఇంటర్న్ వెళ్లిపోయే తేదీని పిల్లలకు ముందే చెప్పాలి, అయినవారిని ఇప్పటికే పోగొట్టుకున్న పిల్లలకు, చెప్పకుండా మానేసిన అక్క మరో దెబ్బ అవుతుంది.