వాల్వెర్దే దారి పట్టాలంటే స్పెయిన్ విమానం ఎక్కాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం, సీఈసీ. జిల్లా ఫుట్‌బాల్ జట్టులో ఫార్వర్డ్‌గా (గోల్ కొట్టే ముందు వరుసలో) ఆడతాడు. స్పెయిన్‌కు చెందిన క్లబ్ కోచ్ ఎర్నెస్తో వాల్వెర్దే అంటే వాడికి ప్రాణం. ‘కొన్నాళ్లు ఆడి, తర్వాత ఆయనలా కోచ్‌నవుతా’ అంటాడు. ఏడాదిపాటు స్పెయిన్ అకాడమీలో శిక్షణ ఇప్పించి, అక్కడి క్లబ్బులో చేర్పిస్తామని ఒక ఏజెంటు చెబుతున్నాడు. ఆ డబ్బు కట్టాలంటే ప్లాటు అమ్మాలి. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: ప్లాటు అమ్మకండి. ముందు ఏజెంటు మాట సంగతి చూద్దాం. 18 ఏళ్లు నిండని ఆటగాడిని విదేశీ క్లబ్బు నమోదు చేసుకోకూడదని ఫిఫా నిబంధన (బదిలీ నియమాల్లో 19వ అధికరణం) ఉంది. మినహాయింపులు కొన్నే. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మారడం, యూరోపియన్ యూనియన్ పరిధిలో 16 దాటినవారి బదిలీ, సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊళ్లు... ఇలాంటివి. మీ అబ్బాయి వీటిలో దేని కిందికీ రాడు. సాక్షాత్తు బార్సిలోనా క్లబ్బే ఈ నిబంధన మీరినందుకు 2014లో శిక్ష పడి, 2015లో కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోలేకపోయింది. కాబట్టి ఏజెంటు చెబుతున్న ‘శిక్షణ’ దొరకవచ్చు గానీ ‘క్లబ్బులో చేర్పించడం’ అన్నది కుదరదు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడగండి, విషయం తేలిపోతుంది.

ఇక వాల్వెర్దే. మీ అబ్బాయి మంచి మనిషినే ఎంచుకున్నాడు. అయితే అతను చూస్తున్నది ఆ ప్రయాణం చివరి భాగాన్ని. మొదటి భాగం ఇలా నడిచింది. 1964లో పుట్టిన వాల్వెర్దే అలవేస్, సెస్తావో లాంటి చిన్న జట్లలో మొదలై 1986లో ఎస్పాన్యోల్ చేరారు. అక్కడి కోచ్ హవియెర్ క్లెమెంతే ఆయన్ని ‘చింగుర్రి’ అని పిలిచారు. ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంత భాషలో చీమ అని అర్థం. చిన్నగా, చురుగ్గా, ఆగకుండా తిరిగే ఫార్వర్డ్. 1988లో యూఈఎఫ్‌ఏ కప్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) ఫైనల్ రెండు మ్యాచ్‌లుగా జరిగితే, మొదటి మ్యాచ్‌లో ఎస్పాన్యోల్ 3-0తో గెలిచి, రెండో మ్యాచ్‌లో 0-3తో ఓడి, పెనాల్టీల్లో కప్పు పోగొట్టుకుంది. తర్వాత బార్సిలోనాలో రెండేళ్లు, అదీ యోహాన్ క్రైఫ్ కోచ్‌గా ఉన్న రోజుల్లో. 1990 నుంచి 1996 వరకు అథ్లెటిక్ బిల్బావో. అక్కడ కొన్నాళ్లు యుప్ హైంకెస్ శిక్షణ. ఆఖరి ఏడాది మయోర్కాలో ఆడి, 1997లో ఆట మానేశారు. స్పెయిన్ జాతీయ జట్టుకు ఆడింది ఒక్క మ్యాచ్.

ఈ ఒక్క మ్యాచ్ సంగతి మీ అబ్బాయికి తప్పక చెప్పండి. మైదానంలో మహా తార కానివాడే కోచ్‌గా పైకొచ్చాడు. క్లెమెంతే, క్రైఫ్, హైంకెస్ అనే ముగ్గురు పూర్తిగా వేరు వేరు ఆలోచనలున్న గురువుల దగ్గర ఆడటం ఆయనకు దక్కిన అసలు చదువు అని నా అభిప్రాయం.

ఆట మానేసిన మర్నాడే పెద్ద జట్టు చేతికి రాలేదు. అథ్లెటిక్‌లో పిల్లల జట్లతో మొదలుపెట్టి, పెద్ద జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేసి, ఆ తర్వాత క్లబ్బు రెండో జట్టును నడిపారు. 2003లో గానీ పెద్ద జట్టు దక్కలేదు. అంటే ఆరేళ్లు. ఆ తర్వాతా దారి నున్నగా లేదు. 2007లో ఎస్పాన్యోల్‌ను మళ్లీ అదే యూఈఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు తీసుకెళ్తే, మళ్లీ పెనాల్టీల్లోనే సెవియా చేతిలో ఓటమి. గ్రీస్‌లో ఒలింపియాకోస్‌తో టైటిళ్లు వచ్చాయి. మధ్యలో విల్లారియల్ కొన్ని నెలలకే తీసేసింది. బార్సిలోనాకు 2018, 2019లో వరుసగా లీగ్ గెలిపించారు. 2020 జనవరిలో జట్టు పట్టికలో అగ్రస్థానంలో ఉండగానే ఉద్యోగం పోయింది. తర్వాత రెండున్నరేళ్లు ఏ జట్టూ లేదు. 2022లో అథ్లెటిక్‌కు తిరిగొచ్చి, 2024 ఏప్రిల్‌లో మయోర్కాను పెనాల్టీల్లో ఓడించి స్పెయిన్ జాతీయ కప్పు కోపా దెల్ రే తెచ్చిపెట్టారు. ఆ కప్పు కోసం బిల్బావో 40 ఏళ్లు ఎదురుచూసింది. బాస్క్ ప్రాంతంలో పుట్టినవారినో, అక్కడ ఆట నేర్చినవారినో మాత్రమే తీసుకునే క్లబ్బు అది. డబ్బు పెట్టి ఎవరినంటే వారిని కొనుక్కురాలేదు. కాబట్టి పిల్లల్ని తయారుచేయడం తెలిసిన కోచ్ అక్కడ తప్పనిసరి. అంతకుముందు అదే క్లబ్బులో కోచ్‌గా ఉన్నప్పుడు, ఇనాకి విలియమ్స్ అనే ఫార్వర్డ్‌ను 2014లో పెద్ద జట్టులోకి తెచ్చింది వాల్వెర్దేనే. పదేళ్ల తర్వాత ఆ ఫైనల్లోనూ విలియమ్స్ ఆడాడు.

ఫార్వర్డ్‌గా బాగా ఆడేవాళ్లు కోచ్‌లుగా ఎక్కడ తడబడతారో చెబుతాను, ఇది చాలామంది పట్టించుకోరు. ఫార్వర్డ్ కళ్లు ఎప్పుడూ గోల్ మీదే. జట్టు వెనుక వరుసకూ మధ్య వరుసకూ మధ్య ఎంత ఖాళీ పడిందో అతను చూడడు, చూడాల్సిన అవసరమూ ఉండదు. కోచ్ పనంతా ఆ ఖాళీలతోనే. రెండో తప్పు, తనకు తెలిసిన షూటింగ్‌నే అందరికీ నేర్పడం. 12 మంది పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరితో గోల్‌కు కొట్టిస్తే, మనిషికి 20 సెకన్ల చొప్పున ఒక చుట్టుకు నాలుగు నిమిషాలు. అరగంటలో ఒక్కో పిల్లాడు బంతిని తన్నేది ఏడెనిమిది సార్లు, మిగతా సమయమంతా నిలబడటమే. అదే 12 మందిని ముగ్గురికి ముగ్గురు చొప్పున రెండు చిన్న మైదానాల్లో ఆడిస్తే ప్రతి నిమిషం బంతి దగ్గరే ఉంటారు. ఎప్పుడు పాస్ ఇవ్వాలో, ఎప్పుడు కొట్టాలో వాళ్లే తేల్చుకుంటారు.

మీ అబ్బాయి ఈ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. వారానికి రెండు సాయంత్రాలు పదేళ్లలోపు పిల్లలతో గంటసేపు చాలు. అరడజను బంతులు, ఇరవై ప్లాస్టిక్ కోన్లు, రెండు రంగుల బిబ్‌లు (చొక్కా మీద వేసుకునే చేతుల్లేని బనియన్లు). ఏం చేయించాడో, ఏది కుదరలేదో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయాలి. వాల్వెర్దే నడిపిన జట్టు మ్యాచ్ చూసేటప్పుడు బంతిని వదిలేసి, బంతి లేని నలుగురు డిఫెండర్లను మాత్రమే పది నిమిషాలు గమనించమనండి. మొదట చాలా కష్టంగా ఉంటుంది.

లైసెన్సుల సంగతి. 18 నిండాక అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘డి’ లైసెన్సు కోర్సు చేయవచ్చు, అది కొద్ది రోజుల శిక్షణే. ఆ పైన సి, బి, ఎ, చివరికి ప్రో. ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టుకు ప్రధాన కోచ్ కావాలంటే ప్రో స్థాయి ఉండాలి. తేదీలు, ఫీజులు సమాఖ్య వెబ్‌సైట్‌లో చూసుకోండి, మధ్యవర్తి అక్కర్లేదు. సర్టిఫికెట్ చేతికి రాగానే తర్వాతి కోర్సుకు పరుగెత్తడం ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు. పై స్థాయికి వెళ్లేకొద్దీ ఏ జట్టుకు ఎన్నాళ్లు శిక్షణ ఇచ్చావని అడుగుతారు. చేతిలో జట్టు లేనివాడు అక్కడే ఆగిపోతాడు.

వాల్వెర్దేకు రెండున్నరేళ్ల ఖాళీ వచ్చినా గడిచింది. మన దగ్గర యువ కోచ్‌కు ఆరు నెలల ఖాళీ అంటే ఇల్లు గడవదు. అందుకే ఇంటర్ తర్వాత డిగ్రీ, ఆపై పీఈసెట్ రాసి రెండేళ్ల బీపీఎడ్. దానితో పాఠశాలల్లో వ్యాయామ విద్య పోస్టులకు అర్హత వస్తుంది, పిల్లల జట్టూ చేతికి వస్తుంది. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఏడాది కోచింగ్ డిప్లొమా మరో దారి. రెండింటికీ ఆడినట్టు రుజువులు అవసరం పడతాయి, జిల్లా సర్టిఫికెట్లు భద్రంగా దాచండి. ఈ దారిని చిన్నచూపు చూడకండి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసినవారే.

స్పెయిన్ కోరిక అలాగే ఉండనివ్వండి. బి లైసెన్సు, రెండు మూడేళ్ల అనుభవం సంపాదించాక, 24–25 ఏళ్ల వయసులో వెళ్తే నేర్చుకునేది ఉంటుంది. అక్కడి కోచింగ్ తరగతులు స్పానిష్‌లో నడుస్తాయి, ఆ భాష రానివాడు మైదానంలో కూడా మూగవాడే. హైదరాబాద్‌లోని ఇఫ్లూలో (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ డిగ్రీ ఉంది, ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. అదీ ఒక ఆలోచనే. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ కప్పు గెలిపించిన మనోలో మార్కెజ్ బార్సిలోనా నగరం నుంచి వచ్చినవారు. అలాంటి కోచ్ పక్కన సహాయకుడిగా కుదరాలంటే, స్పానిష్ తెలిసి, బి లైసెన్సు ఉన్న తెలుగు కుర్రాడు మిగతావారికంటే ఒక అడుగు ముందుంటాడు.

ఈ నెలలో చేయాల్సింది: ఏజెంటుకు కుదరదని చెప్పడం, ఒక నోట్‌బుక్, ఆరు బంతులు కొనడం. ఇంటర్ పరీక్షలకు రెండు నెలల ముందు పిల్లల శిక్షణను వారానికి ఒక సాయంత్రానికి తగ్గించమనండి.