పెరటి తోటలో పందికొక్కులు: మందు కంటే ముందు చేయాల్సిన పనులు

ప్రశ్న: మాది కోనసీమ. ఇంటి వెనక పది సెంట్లలో వంగ, టమాట, చిలగడదుంప వేశాను. పెరటికి ఆనుకునే వరి పొలాలు. దాళ్వా (రబీ వరి) కోతలు అయినప్పటి నుంచి పందికొక్కుల బెడద భరించలేకపోతున్నాం. దుంపలు లోపలే తినేస్తున్నాయి. నిన్న బాగున్న వంగ మొక్క ఇవాళ వాలిపోతోంది. తీగ చుట్టి కరెంటు పెట్టమని పక్కవాళ్లు అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలు, కోళ్లు, కుక్క ఉన్నాయి. ఏం చేయమంటారు? – ఒక మహిళా రైతు

జవాబు: అమ్మా, ముందుగా కరెంటు తీగ సంగతి. ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఎలుకల కోసం, అడవి పందుల కోసం పెట్టిన తీగలు తగిలి మన రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది చట్టప్రకారం నేరం కూడా. పిల్లలు తిరిగే పెరట్లో అసలు ఊహించకూడని పని.

వాలిపోయిన వంగ మొక్కను పట్టుకుని మెల్లగా లాగి చూడండి. వేర్లు కొరికేసి ఉండి, మొక్క తేలిగ్గా చేతికి వచ్చేస్తే అది పందికొక్కు పనే. వేర్లు గట్టిగా ఉండి మొక్క మాత్రమే వాడిపోతే ఎండు తెగులు కావచ్చు. దానికి మందు వేరు, మార్గం వేరు. ఈ తేడా చూడకుండా ఎలుకల మందు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

దాళ్వా కోసేశాక పొలంలో గింజ ఉండదు, తడి ఉండదు. పందికొక్కు తిండి, నీరు వెతుక్కుంటూ మీ పెరట్లోకి వస్తుంది. కాపురం మాత్రం ఎక్కువగా గట్టులోనో, గడ్డివాము కిందో, కట్టెల మోపుల దగ్గరో ఉంటుంది. అందుకే మడుల్లో ఎంత వెతికినా లాభం ఉండదు. పెరటి చుట్టూ ఉన్న గట్లు చూడండి. కన్నం దగ్గర మెత్తని మట్టి కుప్పగా పోసి ఉంటే అది పందికొక్కుదే. లోపలికి వెళ్లి మూతిని మట్టితో మూసుకోవడం దానికి అలవాటు.

ఒక సాయంత్రం కనిపించిన కన్నాలన్నీ మట్టితో మూసేయండి. మర్నాడు పొద్దున తాజాగా తవ్విన మట్టి ఎక్కడ కనిపిస్తే అక్కడే ఎలుక ఉన్నట్టు. ఆ కన్నాల దగ్గర పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. మిగతా వాటి మీద సమయం, డబ్బు దండగ. ఏ కన్నంలోనూ చెయ్యి మాత్రం పెట్టకండి, ఎలుక కోసం వెళ్లిన పాము లోపల ఉండొచ్చు.

మీ ఇంటి పరిస్థితికి పొగ పెట్టడం, బోను పెట్టడం సరిపోతాయని నా అభిప్రాయం. ఎలుకల పొగ యంత్రం కోసం మీ రైతు సేవా కేంద్రంలో అడగండి. డబ్బాలో వరి గడ్డి వేసి అంటించి, పిడి తిప్పితే పొగ కన్నంలోకి పోతుంది. పొగ బయటికి వచ్చే పక్క కన్నాలన్నీ వెంటనే తడిమట్టితో మూసి, రెండు మూడు నిమిషాలు ఆగకుండా తిప్పాలి. పొగకు ఊపిరాడక లోపలే చస్తాయి. విషం లేదు కాబట్టి కోళ్లకు, కుక్కకు భయం లేదు. గడ్డివాము పక్కన మాత్రం నిప్పుతో ఈ పని వద్దు.

బోనులో కాల్చిన ఎండుచేప గానీ, ఎండుకొబ్బరి గానీ పెట్టండి. కొత్త వస్తువు కనిపిస్తే పందికొక్కు వెంటనే దగ్గరికి రాదు. రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా కట్టేసి, ఎర అలవాటు చేసి, ఆ తర్వాత బిగించండి. పడినదాన్ని ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. ఎలుక మూత్రం వల్ల ఎలుక జ్వరం వస్తుంది. తడి మడిలో పని చేసేటప్పుడు కాలికి పుండు ఉంటే మరీ జాగ్రత్త.

వీటితో లొంగకపోతేనే మందు. నూకలు 480 గ్రాములు, వంటనూనె 10 గ్రాములు, బ్రోమాడయోలోన్ 0.25 శాతం మందు 10 గ్రాములు కర్రతో కలపండి. 10–15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి, గట్ల మీద గుర్తు పెట్టిన కన్నాల లోపలికి కర్రతో తోసి మూసేయండి. మడుల్లో చల్లకూడదు. ఇది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు పడుతుంది. మందు పని చేయలేదని మళ్లీ మళ్లీ పెట్టకండి. ఆ రోజుల్లో కుక్కను కట్టేసి, కోళ్లను మూసి ఉంచండి. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతేయండి. వాటిని తింటే గుడ్లగూబలూ చస్తాయి, మనకు ఉచితంగా ఎలుకల్ని పట్టి పెట్టేవి అవే. పొరపాటున ఎవరి నోట్లోనైనా మందు పడితే ఆ ప్యాకెట్ పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి, దీనికి విరుగుడుగా విటమిన్ కె1 ఇస్తారు. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు ఎవరిచ్చినా తీసుకోవద్దు. వాటిని రైతులకు అమ్మడానికి అనుమతి లేదు, ఇంటి దగ్గర వాటి నుంచి వచ్చే విషవాయువు మనుషుల్నే చంపుతుంది.

మీ ఒక్క పెరట్లో చేస్తే కొన్నాళ్లకు పక్క గట్టు నుంచి కొత్తవి దిగుతాయి. మూడు వారాల గర్భంతో ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు పెట్టే జాతి ఇది. అందుకే పక్క పొలాలవాళ్లతో మాట్లాడి, సార్వా (ఖరీఫ్ వరి) నాట్లకు ముందే అందరూ ఒకే రోజు కన్నాలు మూసి, మర్నాడు కలిసి పొగ పెట్టండి. ఇప్పుడు పొలాల్లో తిండి తక్కువ కాబట్టి ఎరకు కూడా బాగా వస్తాయి. లావు గట్లను సన్నగా చెక్కించండి, గడ్డి పెరగనివ్వకండి.

వచ్చే పంటకు చిలగడదుంప మడి ఒక్కదానికైనా అరంగుళం కన్నాల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) వల కొనండి. రెండడుగుల లోతున పాతి, కింది అంచును బయటి వైపు వంచి, పైన అడుగున్నర వదిలితే చాలు. ఖర్చే గానీ ఏళ్ల తరబడి ఉంటుంది. ప్రస్తుత పంటలో ఊరిన దుంపలను మాత్రం ఈ వారమే తవ్వేసుకోండి.