ఆ 'బహుశా'ని కొట్టెయ్యకు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కామిక్స్ అంటే ప్రాణం పెట్టే పిల్లాడు, స్టేజీ ఎక్కాలంటే కాళ్ళు వణికే పిల్లాడు, నాకు బాగా నచ్చాడు. కానీ పది పేజీల పాటు వాణ్ణి పీక్కుతిన్న భయం చివరి అరపేజీలో అమ్మ దగ్గరికి తీసుకోగానే ఎగిరిపోయింది, చప్పట్లు మోగిపోయాయి. అక్కడ నాకు మనసొప్పలేదు. తిరగరాసే ముందు ఒక నవల చదువు.

సాలీ జె. ప్లా రాసిన 'స్టాన్లీ విల్ ప్రాబబ్లీ బి ఫైన్'. 2018లో వచ్చిన ఇంగ్లీషు నవల, పిల్లల కోసం రాసింది కాబట్టి భాష కష్టపెట్టదు. కథ అమెరికాలో, శాన్‌డియేగోలో జరుగుతుంది. చుట్టూ ఉన్న ప్రపంచం తట్టుకోలేనంతగా మీద పడ్డప్పుడల్లా స్టాన్లీ కామిక్స్‌లో తలదాచుకుంటాడు. బడిలో భద్రత గురించి పెట్టిన మీటింగ్‌లోనే కళ్ళు తిరిగి పడిపోతాడు. ఆ తర్వాత తనకి తోడుగా జాన్ లాక్‌డౌన్ అనే సూపర్‌హీరోని ఊహించుకుంటాడు. ఆ పేరు దగ్గర కాసేపు ఆగు. అక్కడి బళ్ళలో ఎవరైనా దాడి చేస్తే ఏం చెయ్యాలో పిల్లలకి ముందే అలవాటు చేయిస్తారు, తలుపులకి గడియ పెట్టి, లైట్లు ఆర్పి, చప్పుడు చెయ్యకుండా కూర్చోబెడతారు, దాన్ని లాక్‌డౌన్ డ్రిల్ అంటారు. గుండె గుభేలుమనిపించే ఆ మాటే వీడి హీరోకి పేరు! పిల్లలు నిజంగా ఇలాగే చేస్తారు.

దూరమైపోయిన స్నేహితుణ్ణి మళ్ళీ దగ్గర చేసుకోవాలని, తన భయాలకి తను ఎదురు నిలవగలనని చూపించాలని, ఊరంతా తిరుగుతూ కామిక్స్ ప్రశ్నలకి జవాబులు వెతికే పోటీలో చేరతాడు. తోడు పక్కింటి అమ్మాయి లిబర్టీ, భయమంటే ఏంటో తెలియని పిల్ల. మిగతాది చెప్పను, నువ్వే చదువు.

నేను అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది వాడి కామిక్స్ పిచ్చి గురించి. నీ కథలో కామిక్స్ పిల్లాడి చేతిలో ఉన్నాయంతే, వాటి బదులు క్రికెట్ బ్యాట్ పెట్టినా కథ మారదు. స్టాన్లీ దగ్గర నుంచి అవి తీసేస్తే పిల్లాడే మిగలడు. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి ఎప్పుడు కనిపించాడంటే 1962లో, 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచికలో. ఈ జవాబు నిన్నా అదే, రేపూ అదే. రేపు క్లాసులో నన్ను లేపితే ఏమవుతుంది, అమ్మ ఇంకా ఇంటికి రాలేదేంటి అనే ప్రశ్నలకి అలాంటి జవాబు ఉండదు కదా, అందుకే కంగారు పడే పిల్లలు మారని జవాబులున్న చోటికి పరిగెడతారు. నీ కథలో పిల్లాడు ఏ పేజీ మళ్ళీ మళ్ళీ తిప్పుతాడు, ఎందుకు ఆ పేజీయే? అది నీకు తెలియాలి.

ఇంకో విషయం. 'వాడికి చాలా భయమేసింది' అని ఆరుచోట్ల రాశావు. మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడు, బెంగ, దిగులు, ఆదుర్దా, గాబరా, కంగారు, ఇప్పుడైతే టెన్షన్ కూడా. బెంగ పెట్టుకున్న పిల్లాడు అన్నం ముందు కూర్చుని కెలుకుతాడు, కంగారు పడేవాడి చేతులు ఊరుకోవు. నా చిన్నప్పుడు హాజరు పిలుస్తుంటే, నా పేరు ఇంకా నాలుగు పేర్ల దూరంలో ఉండగానే నాలుక పిడచకట్టుకుపోయేది. 'ప్రెజెంట్' అనే ఒక్క మాటని లోపల పదిసార్లు అనుకుని, తీరా నా వంతు వచ్చేసరికి గొంతు పెగిలేది కాదు, టీచరు ఆబ్సెంట్ వేసేసేవారు, నేను అక్కడే కూర్చుని ఉండేవాణ్ణి. ఇలాంటిది నీ దగ్గరా ఉంటుంది. దాన్ని రాయి, 'భయం' అనే మాట రాయకుండా రాయి. వీలైతే రైనా టెల్గెమయర్ 'గట్స్' కూడా చూడు, 2019లో వచ్చిన బొమ్మల పుస్తకం, తన చిన్నతనం గురించే, ఆందోళన కడుపునొప్పిగా ఎలా బయటపడుతుందో గీసి చూపించింది.

ఇక నవల పేరు. 'స్టాన్లీకి బహుశా ఏమీ కాదులే' అని దాని అర్థం. ఆ 'బహుశా' లేకపోతే అది పెద్దవాళ్ళు పిల్లల్ని ఊరుకోబెట్టడానికి చెప్పే మాట, 'ఏం కాదులే, పడుకో' లాంటిది, పిల్లలు దాన్ని నమ్మరు. 'బహుశా' అన్నప్పుడు మాత్రం వీళ్ళు నాకు అబద్ధం చెప్పట్లేదు అనిపిస్తుంది. నీ ముగింపులో ఆ మాటకి చోటే లేదు. భయం పూర్తిగా పోయిందని రాస్తే, అది చదివి మర్నాడు బడికెళ్ళిన పిల్లాడికి మళ్ళీ కడుపులో తిప్పితే, లోపం తనలోనే ఉందనుకుంటాడు. నువ్వు ఆ పిల్లాడి కోసమే రాస్తున్నావు, అవునా?

ముందు పేజీలు ముట్టుకోకు, బాగున్నాయి. చివరి పేజీ ఒక్కటే మళ్ళీ రాసి పంపు. వాడు స్టేజీ మెట్ల దగ్గరే ఆగిపోయినా పర్వాలేదు, రెండో మెట్టు మీద ఒక కాలు పెట్టి, జేబులో మడిచిపెట్టుకున్న ఆ కామిక్ పేజీని తడుముకుంటూ ఉన్నా నాకు చాలు.

ప్రేమతో,
మీ అన్నయ్య