డిగ్రీ పూర్తయ్యాక ఊళ్లో స్వచ్ఛంద సేవ కొనసాగించడం ఎలా?

కళాశాలలో ఏడాదికి 120 గంటల లెక్కన సాగే ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం) విద్యార్థులకు ఉద్దేశించినది కాబట్టి, చదువు ముగిశాక వేరే దారి చూసుకోవాలి. 15 నుంచి 29 ఏళ్లవారు కేంద్రం 2023లో ప్రారంభించిన యువజన సేవా వేదిక ‘మై భారత్‌’లో పేరు నమోదు చేసుకోవచ్చు గానీ, గోదావరి వరదలు వచ్చే కోనసీమ వంటి చోట నమోదు కన్నా అదనుకు అందుబాటులో ఉండటమే ముఖ్యమని నా అభిప్రాయం. ధవళేశ్వరం వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. లంక గ్రామాల్లో మంచం దిగలేని వృద్ధులు, నెలలు నిండిన గర్భిణులు, పాడి పశువులు ఏయే ఇళ్లలో ఉన్నాయో వేసవిలోనే రాసి పంచాయతీకి అందజేస్తే, మొదటి హెచ్చరిక నాటికే పడవలు ఎటు వెళ్లాలో తేలిపోతుంది. ఉద్యోగరీత్యా హైదరాబాదు వెళ్లినవారికి రక్తదానం అనువైనది. ఆరోగ్యంగా ఉన్న పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు.